పన్నెండు నంబరు సంచులు

అడవి క్యాంపు
ఫిబ్రవరి 6

పిన్నీ,

ఇది పని పడి రాస్తున్న ఉత్తరమే. "పని పడితే గానీ పిన్ని గుర్తుకురాదు" అని నువ్వు అనబోతున్నావు కాబట్టి ఆ మాట నేనే అనేస్తున్నాను. ఇక తిట్టడానికి వేరే కారణం వెతుక్కో.

దీనితో పాటు ఒక గుడ్డసంచి పంపుతున్నాను. అది ఆది. అలాంటివి నలభై కావాలి. మా సంచులు ఎనిమిదేళ్ళ నాటివి, సగానికి సగం చిరిగిపోయాయి. మొన్న ఒకదాని మూల చిరుగులోంచి పిట్ట తల బయటపెట్టి నన్ను చూసి నవ్వింది. పిట్ట నవ్వడమేమిటి అంటావు. ముక్కు తెరిచింది, అంతవరకు నిజం. ఆది ఎలా ఉంటే అలాగే కుట్టాలి పిన్నీ. పొడవు, వెడల్పు, బొందు, అంచు, ఏదీ మారకూడదు. ముప్పై ఏళ్ళుగా ఇక్కడ అన్నీ ఒకేలా చేస్తున్నారు కాబట్టే మా కొలతలకి విలువ.

ఈ సంచులతో ఏం పనో నీకు ఎప్పుడూ సరిగ్గా చెప్పలేదు. పొద్దున్నే అడవిలో సన్నటి వలలు కడతాం. పిట్ట పడగానే మెల్లగా విడిపించి సంచిలో వేస్తాం. లోపల చీకటిగా ఉంటుంది కాబట్టి అది గోల చేయకుండా ఉంటుంది. క్యాంపుకి తెచ్చి రెక్క, ముక్కు, కాలు కొలిచి, బరువు చూసి, కాలికి చిన్న రింగు తొడిగి వదిలేస్తాం. పావుగంట పని. మొదటి ఇరవై ఎనిమిదేళ్ళూ ఈ కొలతలు తీసింది మా వలల పెద్దాయన. ఆయన చదివింది ఐదో తరగతి, చెయ్యి మాత్రం బంగారం. నేను వచ్చి రెండేళ్ళే.

అసలు సంగతి విను. ఆ ముప్పై ఏళ్ళ పుస్తకాల్లోని బరువులన్నీ ఏడాదివారీగా కాగితం మీద చుక్కలు పెట్టి గీత గీస్తే ఏం తేలిందో తెలుసా? పిట్టలు తేలికవుతున్నాయి! పదిహేను గ్రాములుండే పిట్ట పద్నాలుగుకి దిగింది. ఒళ్ళు తగ్గుతుంటే రెక్కలు మాత్రం పొడుగవుతున్నాయి. అదీ ఎవరూ గొడ్డలి పెట్టని అడవిలో. దీన్ని మొదట చూసింది నేనే పిన్నీ. నా రీసెర్చి గైడు మేడమ్ మాత్రం ఇంకా సగమే నమ్మారు. "ఈ సీజను బరువులు కూడా నీ గీత మీదే పడితే క్యాంపు ఇంకో మూడేళ్ళు నడుపుదాం. పడకపోతే మూసేద్దాం" అన్నారు. మే రెండున వచ్చే జీపులో నా రిపోర్టు వెళ్ళిపోవాలి. నా బతుకంతా ఇప్పుడు ఆ గీత మీద వేలాడుతోంది. అందుకే తొందర.

ఇక్కడ ఫోను అందదు. రెండు వారాలకోసారి వచ్చే రేషను జీపే ఉత్తరాలు తెస్తుంది, అదే పట్టుకెళ్తుంది. అది తప్పితే ఇంకో రెండు వారాలు ఆగాల్సిందే.

నీ పొట్టి


షాపు నుంచి
ఫిబ్రవరి 15

పొట్టీ,

పని పడితే గానీ పిన్ని గుర్తుకురాదు. నువ్వు ముందే అనేసినా సరే, నా నోటితో నేను అంటేనే నాకు తృప్తి.

నలభై సంచులూ పార్సిల్లో ఉన్నాయి. అదే రకం గుడ్డ కోసం మూడు కొట్లు తిరిగాను. ఒకటి అదనంగా కుట్టి ఆదితో పాటు నా దగ్గరే ఉంచుకున్నాను. రేపెవరైనా "మేం ఇలా కుట్టమన్లేదు" అని దెబ్బలాటకి వస్తే చూపించడానికి అలా ఒకటి దాచడం నాకు అలవాటు. అక్క కూతురైనా సొంత కూతురైనా ఆ విషయంలో నేను ఎవరినీ నమ్మను.

మీ ఆది కుట్టినవాడెవడో గానీ వాడిని నా ముందు నిలబెట్టు. లోపలి పక్క దారాలన్నీ లేచి ఉన్నాయి. పిట్ట గోరు అందులో ఇరుక్కుంటే? పసిపిల్లల చొక్కాకి ఎలా చూస్తానో అలాగే చూసి, లోపల పల్చటి మల్లుగుడ్డ లైనింగు వేశాను. బయటికి తెలియదు. పొడవు వెడల్పుల్లో మాత్రం నూలుపోగు తేడా లేదు. అంచు మీద సిరాతో 12 అని ఉంది. సిరా ఎన్నాళ్ళుంటుంది? ఎర్రదారంతో కుట్టేశాను, నలభైటికీ. నీ మనవలు వచ్చి పిట్టల్ని పట్టినా ఆ నంబరు చెరగదు.

ఇంకో మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. పిట్టలు చిక్కిపోతున్నాయని నువ్వే రాశావు. రెండేళ్ళుగా అది చూస్తూ గీతలు గీస్తూ కూర్చున్నావా? గుప్పెడు గింజలు వేయడానికి చేతులు రాలేదా? చదువుకున్న వాళ్ళకి అన్నీ కనిపిస్తాయి, ఎదుట ఉన్న ఆకలి తప్ప. నాలుగు కిలోల గింజలు కూడా పంపుతున్నాను. నా పేరు చెప్పి వెయ్యి.

ఇక్కడ మన బ్యాంకాయన ప్యాంటు గొడవ మళ్ళీ మొదలైంది. ఆయన నడుము పదిహేనేళ్ళుగా ముప్పై రెండే అంటాడు. టేపేమో ముప్పై ఎనిమిది అంటుంది. ఆయన మాట కాదంటే ఆయనకి కోపం, టేపు మాట కాదంటే ప్యాంటుకి కోపం. అందుకని పుస్తకంలో ముప్పై రెండు రాసి ముప్పై ఎనిమిదికి కుడతాను. వేసుకుని చూసి "చూశావా, ముప్పై రెండు సరిగ్గా సరిపోయింది" అని మురిసిపోతూ వెళ్తాడు.

వేళకి తిను. పిట్టలతో పాటు నువ్వూ తేలికవుతున్నావేమోనని నాకు అనుమానం.

మీ పిన్ని


అడవి క్యాంపు
మార్చి 5

పిన్నీ,

నీ గింజలు మా పిట్టలు ముట్టవు. అవి పురుగులూ చీమలూ తినే రకం. వంటాయన వాటిని ఉడకేసి మాకే పెట్టాడు. నీ పేరు చెప్పుకునే తిన్నాం.

సంచులు చూసి వంటాయన కూడా చేతిలోకి తీసుకుని నిమిరాడు. ఎంత నున్నగా ఉన్నాయో! పిట్టని అందులోంచి బయటికి తీస్తుంటే పాపం చేస్తున్నట్టుంది. పైగా నంబర్లు కూడా నువ్వే వేసేశావు! నేను చెప్పడమే మరిచాను. పెద్దాయనకి మోకాలు నొప్పి ఎక్కువై ఇంటికెళ్ళారు, మే నెల దాకా రారు. ఆయన ఉంటే సంచులన్నీ ఎండలో ఆరేసి, ఒక్కొక్కటి పట్టుకుని చూసి, కళ్ళజోడు సవరించుకుంటూ నంబరు వేసేవారు. ఆ పని లేకుండా చేశావు. పార్సిలు వచ్చిన మర్నాడే వలలు తెరిచాను.

మా పిట్టలేమీ ఆకలితో చిక్కిపోవడం లేదులే. ఒక పిట్ట తన బతుకులో సన్నబడటం కాదు నేను చెప్పింది. తాతల కన్నా మనవలు కాస్త చిన్నగా ఉంటున్నాయి, అంతే. గిన్నెడు పాలు చల్లారాలంటే ఎంతసేపు? అవే పాలు చిన్న గ్లాసులో పోస్తే? ఒళ్ళూ అంతే. చిన్న ఒళ్ళు త్వరగా చల్లబడుతుంది. ఈ ముప్పై ఏళ్ళలో ఇక్కడ ఎండాకాలం బాగా వేడెక్కింది, ఆ రోజుల్లో పురుగులూ తక్కువే దొరుకుతాయి. కాస్త తేలికగా పుట్టిన పిట్ట తక్కువ తిండితో నెట్టుకొస్తుంది. రెక్క పొడుగైతే ఎగరడానికి శ్రమ తక్కువ, ఒంట్లో పుట్టే వేడీ తక్కువ. అలాంటివి ఎక్కువ బతికి ఎక్కువ పిల్లల్ని చేసి ఉండాలి. లేదంటే, వేడిలో పొదిగిన పిల్లలు మొదటినుంచే చిన్నగా ఎదుగుతున్నాయేమో. రెండిటిలో ఏది నిజమో తేల్చడానికే నాకు ఆ మూడేళ్ళు కావాలి.

నిన్న ఒక చీమలపిట్ట పడింది. దాని కాలికి పదకొండేళ్ళ కింద పెద్దాయన వేసిన రింగు ఉంది! పన్నెండు గ్రాముల ప్రాణి, పదకొండు ఎండాకాలాలు దాటింది. దాన్ని వదిలేటప్పుడు, పైకి చెబితే నవ్వుతావు గానీ, దణ్ణం పెట్టాను.

నీ పొట్టి


షాపు నుంచి
మార్చి 14

పొట్టీ,

నంబరు లేకుండా మన షాపులోంచి చేతిరుమాలు కూడా బయటికి పోదని మీ పెద్దాయనకి చెప్పు. ఆయన మోకాలికి వేడినీళ్ళ కాపడం పెట్టుకోమను.

నీ గ్లాసు పాల సంగతి ఎదురింటి కంసాలికి చెప్పాను. ఆయన గంట ఆలోచించి, "అయితే బ్యాంకాయన ఎండాకాలం ఎలా గడుపుతాడంటావు?" అన్నాడు. ఇద్దరం నవ్వుతుంటే బ్యాంకాయనే వచ్చాడు. "ఏమిటీ నవ్వులు?" అంటే, పిట్టల గురించండీ అన్నాను. అబద్ధమేమీ కాదు కదా.

ఈసారి మూడు వందల స్కూలు యూనిఫారాలు ఒప్పుకున్నాను. ఒంటిచేత్తో ఈదుతున్నాను. రెండో మిషను మూలన పడి ఉంది. పనివాళ్ళు దొరకరని కాదు, దొరికినవాళ్ళ చెయ్యి నాకు ఆనదు. మీ అమ్మ ఉద్యోగానికి పోతే నా మిషను కిందే పెరిగావు. నాలుగేళ్ళకే టేపు పట్టుకుని కుర్చీల నడుములు కొలిచావు. నీది కొలతకి పుట్టిన చెయ్యి. పిట్టలకి బదులు మనుషుల్ని కొలిస్తే ఏం పోయింది? మనుషులు కరవరు కూడా. బ్యాంకాయన తప్ప.

ఉత్తినే అన్నానులే. నీ పని నీకుంది. మేడ మీద గది ఖాళీగా ఉంది, నువ్వు లేక ఇల్లు బోసిపోయింది, ఆ రెండూ చెప్పాలనిపించి చెప్పాను.

మీ పిన్ని


అడవి క్యాంపు
ఏప్రిల్ 16

పిన్నీ,

అంతా అయిపోయింది.

ఈ సీజను నాలుగు వందల పిట్టల్ని తూచాను. నిన్న కూర్చుని లెక్క వేశాను. ఒక్క జాతి కూడా తగ్గలేదు. తగ్గడం మాట అటుంచి అన్నీ పెరిగాయి. నువ్వే చూడు: పోయినేడు తొమ్మిది గ్రాములున్న పిట్ట ఇప్పుడు పది. పద్నాలుగున్నది పదిహేను. ముప్పై నాలుగున్నది ముప్పై అయిదు. ముప్పై ఏళ్ళలో దిగిందంతా ఒక్క ఏడాదిలో ఎక్కి కూర్చుంది. త్రాసు పాడైందేమోనని తూకపురాళ్ళు పెట్టి మూడుసార్లు చూశాను. వెంట్రుకవాసి తేడా లేదు. రెక్కలు మాత్రం పొడుగ్గానే ఉన్నాయి. ఒకటి ఎక్కి ఒకటి ఎక్కకపోవడం ఏమిటో నాకు బోధపడటం లేదు. మొదటినుంచీ లేని గీతని నేనే గీశానేమో. కావాలనుకున్న కంటికి లేనిది కూడా కనిపిస్తుంది కదా.

పెద్దాయన ఉంటే ఆయన్ని అడిగేదాన్ని. ఆయన లేరు. మేడమ్‌కి ఉత్తరం రాసేశాను: నా ఊహ తప్పు, క్యాంపు మూసేయండి, నేను మానేస్తున్నాను అని. అది మే రెండు జీపులో వెళ్తుంది. ఈ జీపులోనే పంపేదాన్ని, చేతులు రాలేదు.

నేను వచ్చేస్తున్నాను పిన్నీ. రెండో మిషను నాకే ఉంచు. కాజాలు కుట్టడం ఇంకా మరిచిపోలేదు. నన్ను ఏమీ అడక్కుండా ఓ నెల కూర్చోనిస్తే చాలు.

నీ పొట్టి


షాపు నుంచి
ఏప్రిల్ 23

పొట్టీ,

ఆ ఉత్తరం మేడమ్‌కి పంపకు. పంపకు, పంపకు. మూడుసార్లు రాశాను, కళ్ళు పెట్టుకుని చదువు.

నీకు పిట్టల సంగతి తెలిస్తే నాకు కొలతల సంగతి తెలుసు. తొమ్మిది గ్రాముల పిట్టా గ్రామే పెరిగింది, ముప్పై నాలుగు గ్రాముల పిట్టా గ్రామే పెరిగింది అన్నావు. ఎక్కడైనా అలా ఉంటుందా? ఊరంతా లావెక్కితే సన్నటివాడు కాస్త ఎక్కుతాడు, బ్యాంకాయన బస్తా ఎక్కుతాడు. సన్నమూ లావూ తేడా లేకుండా అందరి నడుమూ సరిగ్గా ఒకే అంగుళం పెరిగిందంటే పెరిగింది నడుములు కాదు, టేపు సాగింది. నా షాపులో ఒకసారి అలా అయింది. పన్నెండు చొక్కాలు వదులొచ్చాయి.

త్రాసు మంచిదే అన్నావు. మరి ఈ ఏడు కొత్తగా వచ్చిందేమిటా అని ఆలోచిస్తే, గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి నా సంచి మీదికే పోయింది. పిట్టని సంచితో సహా తూచి, సంచి బరువు తీసేస్తావు, అంతేనా? ఆ సంచి బరువు ఎంతని నీకు ఎవరు చెప్పారు? అంచు మీది 12 చెప్పిందా?

నేను దాన్ని సైజు అనుకున్నానే తల్లీ! ఇరవై రెండేళ్ళుగా అంచు మీద నంబరు కనిపిస్తే సైజు తప్ప ఇంకో ఆలోచన రాని బుర్ర ఇది. ఆదిలో ఉన్నది ఉన్నట్టు దింపాను, అంతే. ఆదీ, దాచిన సంచీ పట్టుకుని కంసాలి దగ్గరికి పరిగెత్తాను. ఆయన అద్దం పెట్టుకుని, బంగారం తూచినంత భక్తిగా తూచాడు. ఆది పన్నెండు గ్రాములు. నాది పదమూడు. ఆ ఒక్క గ్రాము నేను వేసిన మల్లుగుడ్డ.

పిట్ట గోరు ఇరుక్కుంటుందని నేను జాలిపడితే, ఆ జాలి కాస్తా నాలుగు వందల పిట్టల మీద ఎక్కి కూర్చుంది. మంచికి పోతే చెడు ఎదురవడం అంటే ఇదే. ప్రతి లెక్కలోంచీ ఒక గ్రాము తీసేసి చూడు. నీ గీత ఎక్కడికీ పోలేదు. నువ్వు చూసింది నిజంగానే ఉంది.

మీ పిన్ని


అడవి క్యాంపు
మే 2

పిన్నీ,

జీపాయన హారను కొడుతున్నాడు. రెండు గంటలుగా టీ మీద టీ ఇచ్చి ఆపాం. మేడమ్‌కి రాసిన ఉత్తరం ఆయన సంచిలో వేసేశాను కూడా. తర్వాత నీ ఉత్తరం చదివి, ఆ సంచి మొత్తం నేల మీద గుమ్మరించి నాది ఏరి తీసుకున్నాను. అదే జీపులో పెద్దాయన కూడా దిగారు. దిగీ దిగగానే సంచులు తూచారు. నలభైకి నలభై పదమూడే! లెక్క మళ్ళీ వేశాను. గీత మీద పడింది పిన్నీ, పోయినేటి చుక్క పక్కనే. రిపోర్టు మార్చి రాశాను. వెళ్ళిపోతున్నాడు, ఉంటాను.

పొట్టి


అడవి క్యాంపు
మే 16

పిన్నీ,

మేడమ్ నుంచి జవాబు ఈ పొద్దునే వచ్చింది. మూడేళ్ళు ఇచ్చారు! వంటాయన గరిటె పట్టుకుని గంతులేశాడు, ఆయన ఉద్యోగమూ నిలబడింది కదా. రిపోర్టులో సంచుల సంగతి దాచకుండా అంతా రాశాను. మేడమ్ ఆ పేజీ పక్కన "ఇంతవరకు మన పనిలో ఎవరూ ఒప్పుకోని రకం తప్పు" అని రాసి, కింద "శభాష్" అని పెట్టారు. ఆ శభాష్ నాకో నీకో తెలియలేదు. చెరి సగం చేసుకుందాం.

నీ మీదే తప్పంతా వేసుకున్నావు గానీ అసలు తప్పు నాది. కొత్త సంచి వస్తే తూచకుండా వాడకూడదు. అది మొదటి రోజే పెద్దాయన నేర్పిన పాఠం. అంచు మీద నంబరు ఉంది, కుట్టింది నువ్వు, ఇంక తూచేదేమిటి అనుకున్నాను. ఇంకొకరు కుట్టి ఉంటే తప్పకుండా తూచేదాన్ని.

పెద్దాయన మాత్రం ఆ సంచుల మీదే మాట్లాడుతున్నారు. "నలభై సంచులు కుడితే నలభై ఒకే బరువు రావడం నా సర్వీసులో చూడలేదమ్మా. ఎవరిదీ చెయ్యి?" అని మూడుసార్లు అడిగారు. మా పిన్నిదండీ అని మూడుసార్లూ గొప్పగా చెప్పాను. లైనింగు ఉండాల్సిందేనట, ఈసారి పిట్టల గోళ్ళు ఒక్కటీ దారాల్లో చిక్కలేదని నేనే ఆయనకి చెప్పాను. ఎర్రదారం నంబరు విప్పి 13 కుట్టే పని నాకు అప్పగించారు. రోజుకి నాలుగు చొప్పున విప్పుతున్నాను. నీ కుట్టు విప్పడం అంత తేలిక కాదని ఇప్పుడే తెలిసింది.

ఒక్క సంగతి నన్ను కలవరపెడుతోంది. నీ ఉత్తరం లోపల ఏప్రిల్ 23 అని ఉంది. కవరు మీద తపాలా ముద్ర 26. నువ్వు ఉత్తరం రాస్తే చెప్పులు వేసుకోవడం కూడా మరిచి పోస్టుకి పరిగెత్తే మనిషివి. ఒంట్లో బాగాలేదా? నాకు చెప్పకుండా దాచావా? ఇంకొక్క రోజు ఆలస్యమైతే జీపు అందేది కాదని చెప్పాడు డ్రైవరు. నిజం రాయి.

నీ పొట్టి


షాపు నుంచి
మే 24

పొట్టీ,

మూడేళ్ళు వచ్చాయని చదివి షాపులో ఉన్నవాళ్ళందరికీ వినిపించాను. కంసాలి అయితే తన త్రాసు వల్లే వచ్చాయని వీధంతా చెప్పుకుంటున్నాడు. చెప్పుకోనీ, పాపం. రెండో మిషను మీద పక్కవీధి ఆవిడని కూర్చోబెట్టాను. కాజాలు నీ అంత బాగా కుట్టదు, కబుర్లు మాత్రం నాకన్నా బాగా చెబుతుంది. రోజులు గడుస్తున్నాయి.

ఒంట్లో నాకేం, రాయిలా ఉన్నాను. నిజం రాయమన్నావు కాబట్టి రాస్తున్నాను.

ఆ ఉత్తరం 23నే రాశాను. కవరులో పెట్టి అంటించి, మిషను సొరుగులో పడేశాను. అది అక్కడే మూడు రోజులుంది. నువ్వు వచ్చేస్తున్నానని రాసిన కాగితం కూడా అదే సొరుగులో ఉంది. మొదటిరోజు మేడ మీద గదికి సున్నం వేయించాను. రెండోరోజు రెండో మిషను తుడిచి నూనె పోశాను. రేపు పోస్టు చేద్దాంలే అనుకున్నాను రెండు రోజులూ. జీపు తప్పిపోతే తపాలావాళ్ళని అంటారు గానీ నన్నెవరంటారు? నువ్వు వస్తావు, నెలరోజులు ఏడుస్తావు, తర్వాత కుట్టుకుంటావు. మనం బాగానే ఉంటాం. ఇదీ నా ఆలోచన. సిగ్గు లేకుండా రాస్తున్నాను చూడు.

మూడోరోజు ఒకాయన కోటు కొలతలకి వచ్చాడు. ఆయన ఛాతీ చుట్టూ టేపు తిప్పుతుంటే మా లెక్కల మాస్టారు గుర్తొచ్చారు. ఈ సంగతి మీ అమ్మకి కూడా చెప్పలేదు. పదిహేడేళ్ళప్పుడు నేను లెక్కల్లో మూడు మార్కులతో తప్పి, చదువు మానేసి మిషనెక్కాను. ఎన్ని గజాల గుడ్డకి ఎన్ని చొక్కాలో నోటితో చెప్పేదాన్ని లెక్కల్లో తప్పడమేమిటని అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఇరవై ఏళ్ళ తర్వాత ఆ మాస్టారే కోటు కుట్టించుకోవడానికి నా షాపుకి వచ్చారు. చేతులు చాచి నిలబడి, గోడకేసి చూస్తూ చెప్పారు. "నీ పేపరులో ఆఖరి పేజీ మార్కులు కూడటం మరిచిపోయానమ్మా. వారం తర్వాత చూసుకున్నాను. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకున్నాను. తర్వాత నువ్వు షాపు పెట్టావు, బాగానే ఉన్నావు కదా అని ఊరుకున్నాను" అన్నారు. నేనప్పుడు ఆయన ఛాతీ కొలత తీస్తున్నాను. సరిగ్గానే తీశాను. కోటు కూడా చక్కగా కుదిరింది.

ఆయన చెడ్డవాడు కాదు పొట్టీ. నేను బాగానే ఉన్నాననేదీ అబద్ధం కాదు. కానీ ఆ రోజు షాపు మూసేసి ఒక్కదాన్నే కూర్చుని ఎంత ఏడ్చానో నాకే తెలుసు. బతుకు బాగాలేదని కాదు. ఆ తప్పు నాది కాదని నాకు చెప్పాల్సిన మనిషి నోరు మూసుకున్నందుకు.

ఈ కొత్తాయన మెడలో టేపు అలాగే వదిలేసి సొరుగు లాగాను. ఉత్తరం తీసుకుని పోస్టుకి పరిగెత్తాను, చెప్పులు లేకుండానే. వచ్చేసరికి ఆయన ఇంకా చేతులు చాచే నిలబడి ఉన్నాడు.

మాస్టారు ఇరవై ఏళ్ళు ఆగారు, నేను మూడు రోజులు ఆగాను. కొలతలో తేడా గానీ గుడ్డ ఒకటే. నువ్వు ఎంత తిట్టి రాసినా చదువుకుంటాను.

మీ పిన్ని